నాన్న మేజోళ్ళు, నాయనమ్మ ఏనుగులు

మా ఇంట్లో బొమ్మ జంతువులన్నీ కుడికాలివే. ఏనుగు, కుక్క, రెండు పిల్లులు, ఒక తాబేలు, ఏ జంతువో తేలక పేరు పెట్టకుండా వదిలేసిన ఇంకొకటి, అన్నీ నాన్న కుడికాలి మేజోళ్ళలోంచే పుట్టాయి. ఎడమకాలివి మాత్రం ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉండేవి.

దానికి కారణం నాన్న చేసే పని. ఆయన షిప్‌యార్డులో వెల్డరు. ఎడమ మోకాలు నేలకు ఆనించి, కుడిపాదం ముందుకు పెట్టి కూర్చుని ఉక్కు పలకలను అతికేవారు. నిప్పురవ్వలు ముందున్న పాదం మీదే రాలేవి. ప్యాంటు కాస్త పైకి జరిగి, బూటు పైన మేజోడు రెండు వేళ్ళ మేర కనిపిస్తే చాలు, రవ్వ వెతుక్కుంటూ వచ్చినట్టు అక్కడే వాలేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని నాన్న బూట్లు విప్పుతుంటే కాలిన నూలు వాసన వచ్చేది. నాకు ఇప్పటికీ అదే నాన్న వాసన.

అప్పుడు మేము విశాఖపట్నం మల్కాపురంలో ఉండేవాళ్ళం. నాయనమ్మకు షిప్‌యార్డు అనే మాట నోరు తిరిగేది కాదు. "మా అబ్బాయిది సింధియాలో పని" అనేది. 1941లో ఆ ఓడల కర్మాగారాన్ని మొదలుపెట్టింది సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. తరవాత యాజమాన్యం ప్రభుత్వానికి వచ్చినా ఆ ప్రాంతానికి సింధియా అన్న పేరు అలాగే ఉండిపోయింది. 1948 మార్చి 14న నెహ్రూ గారు వచ్చి 'జల ఉష' ఓడను నీళ్ళలోకి దింపిన రోజున నాన్నకు అయిదేళ్ళు. తాతయ్య భుజాలెక్కి చూశారట. నెహ్రూ గారు జనంలో కనిపించలేదు కానీ, అంత పెద్ద ఇనుప గోడ మెల్లగా కదిలి జారిపోవడం కనిపించిందని చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన అరచెయ్యి దానంతట అదే గాలిలో ఏటవాలుగా జారేది.

నైలాన్ మేజోళ్ళు అప్పట్లో కొత్త సొగసు. త్వరగా ఆరతాయి, తొందరగా చిరగవు. వెల్డరుకు మాత్రం అవి శత్రువులు. నూలు మీద రవ్వ పడితే మాడి రాలిపోతుంది, నైలాన్ మీద పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నాన్న స్నేహితుడొకాయన చీలమండ మీద అలాంటి మచ్చ చూశాను. అందుకే నాన్న పూర్ణా మార్కెట్ నుంచి ముతక నూలు మేజోళ్ళే తెచ్చుకునేవారు. బూడిదరంగు, లేకపోతే ముదురు నీలం. మా జంతువుల రంగులు ఆ కొట్టులోనే నిర్ణయమైపోయేవి.

కొత్త మేజోడుకు కుడి, ఎడమ అనే తేడా ఉండదు. దాన్ని కుడిదో ఎడమదో చేసేది తొడిగిన కాలే. నెల తిరిగేసరికి బొటనవేలు ఒక పక్కకు పొడుచుకొస్తుంది, మడమ దగ్గర గిన్నెలాంటి గుంట పడుతుంది, చీలమండ ఎముక గుర్తు కూడా మిగిలిపోతుంది. ఉతికి తీగ మీద ఆరేసినా ఆ ఆకారం పోదు. తీగ మీద గాలికి ఊగుతున్న మేజోళ్ళలో నాన్నవి ఏవో, తమ్ముడివి ఏవో రంగు చూడకుండానే నాయనమ్మ చెప్పేది.

చిల్లు పడగానే బొమ్మ అయ్యేది కాదు. ముందు రఫ్ఫు. మాడిపోయిన బల్బును మేజోడులోకి దూర్చి, దాని నున్నటి గుండ్రం మీద చిల్లును పరిచి, ముందు నిలువు పోగులు, తరవాత వాటి కిందా పైనా అడ్డపోగులు వేసి నేత నేసినట్టు నేసేది. అదే మేజోడుకు మూడోసారి చిల్లు పడితే ఇక నాన్న కాలికి పంపేది కాదు. "దీని ఉద్యోగం అయిపోయింది" అని బిస్కెట్ల డబ్బాలో వేసేది. రెండు ఎడమలను కలిపి కొత్త జత చేసి నాన్నకు ఇచ్చేది. నాన్న ఏనాడూ గమనించినట్టు లేదు.

మొదటి బొమ్మ పుట్టింది తమ్ముడు పుట్టినప్పుడు. అమ్మ పురిటికి అనకాపల్లి వెళ్ళింది. నాకు బడి ఉందని నన్ను మల్కాపురంలోనే ఉంచారు. అది 1979, నాకు ఏడేళ్ళు. పగలంతా బాగానే ఉండేదాన్ని. దీపం ఆర్పాక ఏడుపు వచ్చేది. అప్పటికి నాకున్న బొమ్మలు ఏటికొప్పాకవి. నాయనమ్మ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే కాబట్టి లక్కపిడతల బుట్ట, చక్రాల మీద నడిచే ఏనుగు నాకు పుట్టినప్పటినుంచీ ఉన్నాయి. అంకుడు కర్రను గిరగిరా తిప్పుతూ దానికి లక్క ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. అంత నునుపు, అంత మెరుపు ఇంకే బొమ్మకూ లేవని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ రాత్రి పక్కలో పెట్టుకుంటే ఆ ఏనుగు తొండం డొక్కలో గుచ్చుకునేది.

"నాయనమ్మా, ఇది మెత్తగా లేదు" అన్నాను.

"కొయ్య కదమ్మా, మెత్తగా ఎలా ఉంటుంది?" అంది. కాసేపు చీకట్లో ఊరుకుంది. తరవాత లేచి దీపం వేసి, బిస్కెట్ల డబ్బా తీసింది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. డబ్బాలోంచి బూడిదరంగు మేజోడు ఒకటి తీసి, లోపల చెయ్యి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. చేతిని మేజోడులో ఉంచి పిడికిలి బిగిస్తే మడమ ముందుకు పొడుచుకొచ్చింది. "ఇదిగో, మూతి" అంది. అంతే, అక్కడినుంచి ఇక ఆలోచించలేదు. తన తలగడ కుట్టు ఒక మూల విప్పి, గుప్పెడు గుప్పెడు దూది లాగి వేళ్ళ వైపు నుంచి నింపుకుంటూ వచ్చింది. అది కూర్చున్న కుక్క ఒళ్ళు అయింది. మడమకు కొంచెం కింద దారం చుట్టి బిగిస్తే మెడ అయింది. మడమ గుంట నిండా దూది కూరితే మూతి తేలింది. పైన మిగిలిన గొట్టాన్ని రెండుగా చీల్చి కుడితే రెండు చెవులు వేలాడాయి. చీలమండ పక్కన రెండు చిల్లులు ఉన్నాయి. వాటి చుట్టూ నల్లదారం తిప్పి, లోపలికి లాగి మూసేసింది. అవి కళ్ళు.

ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందకి. రవ్వలు ఎక్కడ పడితే అక్కడే కదా! నాయనమ్మ చేసిన ఏ జంతువుకూ కళ్ళు ఒక వరసలో లేవు. కన్ను ఎక్కడ ఉండాలో నిప్పే చెప్పేది. బొత్తాలు పెట్టొచ్చు కదా అని పక్కింటి పిన్నిగారు అంటే, "ఇంట్లో పసివాడు వస్తున్నాడు, ఊడొస్తే నోట్లో పెట్టుకుంటాడు" అంది. అప్పటికి తమ్ముడు పుట్టి నాలుగు రోజులు.

ఆ కుక్క మూడో రోజున మెడ దగ్గర విడిపోయింది. నాయనమ్మకు తెలిసినది బొంతల కుట్టు. పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, సూది ముందుకు ముందుకు పరిగెత్తించడమే ఆ విద్య. చీర నేసిన గుడ్డ, సాగదు. మేజోడు అల్లినది. ఒకే పోగు ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటుంది కాబట్టి లాగితే సాగుతుంది. గుడ్డ సాగి, దారం సాగకపోతే దారం పుటుక్కుమంటుంది. ఆవిడ దాన్ని విప్పి, ఎక్కడ తెగిందో వేలితో తడిమి చూసి, ఈసారి సూదిని ముందుకు తీసిన ప్రతిసారీ సగం వెనక్కి తెచ్చి కుట్టింది. ఆ వెనక కుట్టు మళ్ళీ తెగలేదు.

ఇంకొకటి కూడా మెల్లగా పట్టుకుంది. మేజోడును ముందు కత్తిరించకూడదు. ఒక ఉచ్చు తెగిందంటే దాని వెంట మిగతావి నిచ్చెన మెట్లు జారినట్టు జారిపోతాయి. అందుకని తిరగేసి, చెవుల ఆకారం సుద్దముక్కతో గీసి, గీత వెంట కుట్టేసి, ఆ తరవాతే రెండు కుట్ల మధ్య కత్తెర పెట్టేది. దూది మరీ కూరినా ముప్పే. గుడ్డ సాగి కళ్ళు విచ్చుకుని లోపలి తెలుపు కనిపిస్తుంది. "ఆకలి తీరాలి, పొట్ట పగలకూడదు" అనేది. నేను ఎంత కూరుతున్నానో చూడకుండా, నొక్కి మాత్రమే చెప్పేది.

నాన్న ఈ పనిలోకి ఎలా వచ్చారో చెప్పకపోతే నేను రాస్తున్నదానికి అర్థమే లేదు. ఆయన మాటలు తక్కువ మనిషి. పని నుంచి వస్తే కళ్ళు మండుతున్నాయని తడిగుడ్డ వేసుకుని పడుకునేవారు. ఒక రాత్రి నాయనమ్మ ఏనుగు మొదలుపెట్టింది. అంతకుముందు ఒక ఆదివారం ఎండాడ దగ్గరి జూకు వెళ్ళి వచ్చాం. కంబాలకొండకూ సముద్రానికీ మధ్య ఆ జూ తెరిచి అప్పటికి నాలుగేళ్ళు, 1977లో తెరిచారు. నేను ఏనుగు దగ్గర నుంచి కదలలేదు. ఇంటికొచ్చాక ఏనుగు కావాలన్నాను. ఏనుగుకు ఒక మేజోడు చాలదు, నాలుగు కాళ్ళు కావాలి. అందుకు ఇంకొక కుడికాలిది చిరిగేదాకా నెలన్నర ఆగాం.

కాళ్ళను ఒంటికి అతికించేటప్పుడు నాయనమ్మ ఒక్కొక్క కాలినీ పూర్తిగా కుట్టుకుంటూ పోయింది. నాలుగోది వచ్చేసరికి ఏనుగు పక్కకు ఒరిగిపోయింది. తడిగుడ్డ కింద నుంచి నాన్న గొంతు వినిపించింది.

"అమ్మా, ముందు నాలుగూ టాక్ చేసుకో."

"టాకాలా?" అంది నాయనమ్మ.

నాన్న లేచి కూర్చున్నారు. ఉక్కు పలకలను అతికేటప్పుడు ఒక చివర మొదలుపెట్టి రెండో చివరదాకా లాక్కుపోతే వేడికి పలక వంగిపోతుందట. ముందు అక్కడక్కడా చుక్కల్లా చిన్న చిన్న అతుకులు పెట్టి, కొలత సరిచూసుకుని, అప్పుడు పూర్తి అతుకు వేయాలి. దాన్నే వాళ్ళు టాక్ అంటారు. నాయనమ్మ బొంత కుట్టేముందు పొరలు జరగకుండా అక్కడక్కడా వేసే పొడుగు కుట్లు టాకాలు. ఒకరికొకరు చెప్పుకుంటూ ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. నలభైకి దగ్గరపడిన కొడుకు, అరవై దాటిన తల్లి ఒకే పని చేస్తున్నామని ఆ రాత్రి తెలుసుకున్నారు. నాయనమ్మ మొహం నాకు బాగా గుర్తు. "అయితే ఓడకు కూడా టాకాలు వేస్తారా నాయనా?" అని అడిగింది. "వేస్తామమ్మా. టాకాలు లేకుండా ఓడ లేదు" అన్నారు నాన్న.

ఆ తరవాత ఆయన ప్రతి రాత్రీ కాసేపు మా పక్కన కూర్చునేవారు. సూది పట్టుకోలేదు కానీ కాళ్ళు నాలుగూ సమంగా ఉన్నాయో లేదో ఏనుగును నేలమీద నిలబెట్టి, కళ్ళు నేలకు ఆనించినంత వంగి చూసేవారు. అతుకు మొదలూ చివరా చూపుడువేలితో నొక్కేవారు. మధ్యలో కుట్టు ఎలాగూ నిలుస్తుందట, పోతే చివర్లే పోతాయట. నాయనమ్మ అప్పటినుంచీ రెండు చివర్లలోనూ మూడేసి ముళ్ళు వేసింది.

బూరుగు దూది సలహా కూడా నాన్నదే. పూర్వం ఓడల్లో మనుషులను తేల్చే చొక్కాల్లో బూరుగు దూదే నింపేవారట. దాని పోగు లోపల బోలు, పైన మైనంలాంటి పూత, అందుకే నీళ్ళు తొందరగా పీల్చదు. ఏనుగుకూ, తరవాత చేసిన తాబేలుకూ అదే నింపాం. పట్టులా జారిపోతుంది, ఊపిరి వదిలితే చాలు ఎగిరిపోతుంది. ఫ్యాను ఆపి, తలుపులు వేసి, చెమటలు కారుతుండగా నింపేవాళ్ళం. వారం రోజులు ఇంట్లో అందరి కనుబొమ్మల మీదా బూరుగు పోగులే.

విశాఖ గాలిలో తేమ ఎంతో అక్కడ ఉన్నవారికే తెలుసు. ఉప్పు డబ్బాలోనే నీరవుతుంది. శ్రావణం వచ్చిందంటే బొమ్మలకు ముక్కవాసన పట్టేది. ఎండ కాసిన రోజున అన్నింటినీ డాబా మీదకు చేర్చి, చెవులు పట్టి తీగకు తగిలించేవాళ్ళం. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద ఓడల క్రేన్లు, మధ్యలో చెవులతో వేలాడుతున్న కుక్క, పిల్లులు, ఏనుగు. ఆ దృశ్యానికి ఒక్క ఫోటో కూడా లేదు.

నాయనమ్మ 1993లో వెళ్ళిపోయింది. నాకు అప్పటికే పెళ్ళయి ఎం.వి.పి. కాలనీకి వచ్చేశాను. బొమ్మలు మల్కాపురంలోనే, వెనక గదిలో రేకు పెట్టెలో ఉండిపోయాయి. మా అమ్మాయి సెలవులకు వెళ్ళినప్పుడు కొన్నాళ్ళు ఆడుకుంది. 2001లో నాన్న పదవీ విరమణ చేశారు. ఆ రోజు నుంచి ఆయన మేజోళ్ళు తొడగలేదు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి అంటే చదివినప్పుడు అంకె, విన్నప్పుడు అది వేరు. కైలాసగిరి మర్నాటికి బోడిగా మిగిలింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మూడో రోజుకు గానీ దారి దొరకలేదు. కూలిన చెట్ల మీదుగా దాటుకుంటూ మల్కాపురం చేరేసరికి నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "మేం బాగున్నాం. వెనక గది పైకప్పు పోయింది" అన్నారు.

రేకు పెట్టె మూత గాలికి విరిగి ఎటో పోయింది. వాన పెట్టె నిండా నిలిచి తొట్టిలా ఉంది. దాంట్లో ఏనుగు తేలుతోంది. పక్కన తాబేలు. కుక్క, పిల్లులు అడుగున ఉన్నాయి. మామూలు దూది నీళ్ళు తాగి రాళ్ళలా బరువెక్కిపోయాయి. నాన్న పెట్టె అంచున చెయ్యి వేసి, ఏనుగును వేలితో కొంచెం నీళ్ళలోకి నొక్కి వదిలారు. అది మళ్ళీ పైకి తేలింది. ఆయన అలాగే చూస్తూ ఉండిపోయారు. "మునగలేదే" అన్నారు. డెబ్బై దాటిన మనిషి, ఇల్లు సగం పోయినా కంటతడి పెట్టనివారు, అప్పుడు ఏడ్చారు.

కుక్కను కాపాడడానికి మెడ కుట్టు విప్పాను. దూది ముద్దలు తీసి పాత చీర మీద ఎండేశాను. రెండు రోజులు పట్టింది. చేతులతోనే ఏకి మళ్ళీ నింపాను. 1979లో నాయనమ్మ వేసిన వెనక కుట్టు ఎంత గట్టిగా ఉందంటే, విప్పడానికి కత్తెర మొన రెండుసార్లు జారింది. ఒక పిల్లి మాత్రం దక్కలేదు.

మా అమ్మాయి అమెరికాలో చదువుకుని వస్తూ ఒక కోతి బొమ్మ తెచ్చింది. చూడగానే పోల్చుకున్నాను, అది మేజోడు. పెదాలు ఎర్రగా ఉన్నాయి, అది మడమ. షికాగోకు వాయవ్యంగా రాక్‌ఫర్డ్ అనే ఊళ్ళో నెల్సన్ నిట్టింగ్ కంపెనీ 1932లో తన మేజోళ్ళకు గుర్తుగా ఎర్రటి మడమ పెట్టిందట. కరువు రోజుల్లో అక్కడి తల్లులు, అమ్మమ్మలు అరిగిన మేజోళ్ళతో పిల్లలకు కోతులు కుట్టారు. ఎర్ర మడమ కోతి నోరు అయింది. 1955లో ఆ కంపెనీ ఆ బొమ్మకు పేటెంటు కూడా తీసుకుని, ఎలా కుట్టాలో తెలిపే కాగితాన్ని జతతోపాటు అమ్మింది. మల్కాపురంలో దీపం ముందు కూర్చున్న నాయనమ్మకు ఏ కాగితమూ రాలేదు. పిడికిలి బిగించి "ఇదిగో, మూతి" అంది. ఆ కోతిని, మా కుక్కను పక్కపక్కన కూర్చోబెట్టి ఆ సాయంత్రమంతా చూస్తూ ఉన్నాను.

నాన్న 2019లో పోయారు. ఆయన బీరువా సర్దుతుంటే అడుగున కాగితంలో చుట్టిన ఒక మేజోళ్ళ జత దొరికింది. ఉతికి మడత పెట్టి ఉన్నాయి. కుడికాలిదాని చీలమండ దగ్గర మాడిన చిల్లు. పనిలో చివరి రోజువి అయి ఉండాలి. అయిదేళ్ళు వాటిని ముట్టుకోలేదు.

మా అమ్మాయికి కూతురు పుట్టాక, మొన్న శీతాకాలంలో బయటకు తీశాను. బూరుగు దూది ఇప్పుడు అంత తేలిగ్గా దొరకడం లేదు. నర్సీపట్నం వైపు నుంచి తెలిసినవాళ్ళతో తెప్పించాను. ఫ్యాను ఆపి, తలుపులు వేసి కూర్చున్నాను. ముందు టాకాలు, తరవాత కుట్టు. రెండు చివర్లలో మూడేసి ముళ్ళు. ఏనుగును నేలమీద పెట్టి, వంగి, నాలుగు కాళ్ళూ చూశాను. మడమ గుంటలో దూది కూరుతుంటే నా చేతికింద నాన్న మడమే తగిలింది.

కళ్ళ దగ్గర ఆగిపోయాను. చిల్లు ఒక్కటే ఉంది. దాని చుట్టూ నల్లదారం తిప్పి మూశాను. రెండో కన్నుకు చోటు చెప్పే నిప్పు లేదు. టేపు పెట్టి కొలిచి, మొదటి కన్నుకు సరిగ్గా ఎదురుగా కుట్టాను. చూస్తే అది మా ఇంటి ఏనుగులా లేదు. కుట్టు విప్పేసి, అర అంగుళం కిందకు దించి మళ్ళీ వేశాను.